నీటికొకరు, గాయానికొకరు, అడవికొకరు

నిర్మల్ మిడిల్ స్కూల్లో డ్రిల్లు చెప్పే అనసూర్యకు పిల్లల ముఖాలకన్నా ముందు వాళ్ళ వీపులు గుర్తుండేవి. బొమ్మలు చేసే ఇళ్ళ పిల్లలు బడి విడిచిపెట్టగానే ఇంటికి పోయి పొనికి చెక్కను నున్నగా రుద్దడానికి కూర్చునేవాళ్ళు. నేతపని చేసే సాలోళ్ళ పిల్లలు నూలు కండెలు చుట్టడానికి కూర్చునేవాళ్ళు. పొద్దున్నే వరుసలో నిలబెడితే సగం మంది భుజాలు ముందుకు వాలి ఉండేవి. "ఛాతీ ముందుకు!" అని ఆమె గట్టిగా అరిస్తే ఛాతీకి బదులు గడ్డాలు ముందుకొచ్చేవి.

ఆ వాలు ఆమెకు కొత్త కాదు. సిరిసిల్లలో గుంటమగ్గం ఉన్న ఇంట్లో పుట్టింది. బాపు ముత్తయ్య పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు గూకేదాకా గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేసేవాడు. నిలబడినా కూర్చున్నట్టే ఉండేవాడు. అనసూర్య పట్టుబట్టి హైదరాబాదులో డ్రిల్లు టీచరు శిక్షణకు పోయినప్పుడు అక్కడివాళ్ళు ఓసారి అందరినీ గుట్టల్లో గుడారాలు వేసి కొన్నాళ్ళు ఉంచారు. ఎండలో నడిచి, రాళ్ళెక్కి, చెట్ల కింద పడుకుని తిరిగొచ్చిన పిల్లను చూసి బాపు, "ఏమే, పొడుగైనవా?" అని అడిగాడు. పొడుగు కాలేదు. నిటారుగా నిలబడింది, అంతే.

నిర్మల్ పిల్లలకు కూడా అది కావాలని ఆమె కోరిక. ఊరికి ఉత్తరాన అన్నీ గుట్టలే. ఘాట్ రోడ్డు ఎక్కితే అడవి, దిగితే వాగు. అయినా ఊళ్ళో చాలామంది పిల్లలకు ఆ గుట్టలు దూరంగా కనిపించే నీలం గీత మాత్రమే. చలికాలం సెలవుల్లో ఐదు రోజులు వాళ్ళను అక్కడ ఉంచాలి. నడవడం, ఈదడం, పొయ్యి రాజేయడం, దారి కనుక్కోవడం నేర్పించాలి. ఆడపిల్లలకూ మగపిల్లలకూ కూడా.

పాఠశాలల అధికారి రామచంద్రం దగ్గరికి ఈ మాట తీసుకుని వెళ్ళేసరికి ఆయన ముఖం మాడిపోయింది. కరీంనగర్ మనిషి. చెడ్డవాడు కాడు, జంకు ఎక్కువ.

"వద్దమ్మా," అన్నాడు. "పోయినేడు వేరే తాలూకల ఏమైందో ఎరికనే గద. పంతుళ్ళు పిలగాండ్లను వాగుకు తోల్కపోయిన్రు. ఇద్దరు కొట్టుకపోయిన్రు. వెంట నలుగురు పంతుళ్ళున్నరు, ఒక్కనికి ఈత రాదు. శవాలు తీసినప్పుడు ఒడ్డు మీద నేను నిలబడ్డ. ఆ తల్లుల మొఖాలు నేను చూసిన, నువ్వు చూడలే."

ఆయన గొంతులో వణుకు నిజమైనది. దాన్ని దాటిపోవడం మర్యాద కాదు. అనసూర్య మెల్లగా అడిగింది: "ఈత వచ్చినోళ్ళు వెంట ఉంటే, సార్?"

"ఉంటే వేరే సంగతి."

"అయితే ఎవరెవరు ఉండాలెనో మీరే చెప్పున్రి. నేను తెస్త."

ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టి, ఇలా అంటే ఈమె ఊరుకుంటుందిలే అనుకుంటూ చెప్పాడు: "నీళ్ళల్ల పడ్డోన్ని బయటికి తీసేటోళ్ళు ఒకరు. దెబ్బ తాకితే, పురుగు ముడితే చూసేటోళ్ళు ఒకరు. అడవి దారి తెలిసినోళ్ళు ఒకరు. ఉత్తగ పేర్లు చెప్తే కాదు. నా కండ్ల ముందట నిలబెట్టాలె, నేను పరీక్ష పెట్టుకోవాలె. సర్కారు జీతం ఇయ్యదు, గది గూడ యాదుంచుకో."

"సరే సార్," అని ఆమె వెళ్ళిపోయింది. అది 1958, దసరా వెళ్ళిన వారం.

మొదట తోటి పంతుళ్ళనే అడిగింది. ఒకాయనకు నడుంనొప్పి. ఇంకొకాయనకు అత్తగారింట్లో పని. తెలుగు పంతులు మాత్రం నవ్వేశాడు: "అనసూర్యమ్మా, అడవికి పోయి బతకడం నేర్చుకునుడేంది? మనం అడవిలకెల్లి బయటవడి బడికొచ్చినం." ఆ నవ్వు స్టాఫ్ గదంతా తిరిగింది. ఆమె కూడా నవ్వింది గాని, ఇంటికి పోయేటప్పుడు చెంపలు మండుతున్నాయి. చదువుకున్నవాళ్ళలో వెతకడం మానేసి, పని తెలిసినవాళ్ళను వెతకాలని ఆ దారిలోనే అనుకుంది.

దవాఖానాలో కంపౌండర్ దేవదాస్ సులువుగా దొరికాడు. యాభైకి దగ్గరపడ్డ మనిషి, మాట తక్కువ. ఆయన కట్టిన కట్టు నీళ్ళలో తడిసినా జారదని ఊళ్ళో పేరు. ఒకప్పుడు నిజాం ఫౌజులో నర్సింగు సిపాయి. పోలీస్ యాక్షన్ తర్వాత ఫౌజు పోయింది. ఆయన నిర్మల్‌కొచ్చి మందు సీసాల మధ్య స్థిరపడ్డాడు. పదేళ్ళయినా ఇంకా కొందరు వెనక 'నిజామోడు' అంటారు.

అనసూర్య చెప్పిందంతా విని ఆయన చేతులు తుడుచుకుంటూ, "వస్తనమ్మా," అన్నాడు. "ఒక్క మాట. పిలగాండ్లు నాకు సల్యూట్ కొట్టొద్దు. దేవదాసన్నా అంటే చాలు."

నీటి మనిషి కోసం ఆమె గోదావరి ఒడ్డుకు పోయింది. సోన్‌కు అవతల చేపలు పట్టే గంగపుత్రుల వాడ. పోశవ్వ పేరు చెప్పని మనిషి లేడక్కడ. మొగుడు పోయాక ఆయన నడిపిన పడవ ఆమే నడిపింది. వరదొచ్చినప్పుడు ఎక్కడ మనిషి మునిగినా పటేళ్ళు ఆమె కోసమే కబురంపేవాళ్ళు. అనసూర్య పోయేసరికి పోశవ్వ ఇసుకలో కూర్చుని వల బాగు చేసుకుంటోంది. చీర గోచిపోసి కట్టింది. నెరిసిన జుట్టు ముడేసింది. భుజాలు మాత్రం కుస్తీ పట్టే మగవాడివి.

"ఏందంటివి? పిలగాండ్లకు ఈత నేర్పాలెనా? కూలెంత?"

"కూలి లేదవ్వా. తిండి, గుడారం, అంతే."

పోశవ్వ పకపకా నవ్వింది. "మంచి బేరమే తెచ్చినవు బిడ్డా. నా చేపలెవలు అమ్ముతరు? మీ సార్లు అమ్ముతరా?"

బతిమాలడం అనసూర్యకు చేతకాదు. ఇసుకలో పక్కనే కూలబడి, రామచంద్రం సార్ ఒడ్డున నిలబడి చూసిన సంగతి చెప్పింది. ఆ ఇద్దరు పిల్లల సంగతి చెప్పింది. నలుగురు పెద్దవాళ్ళుండీ ఒక్కరూ దూకలేకపోయారని చెప్పింది.

పోశవ్వ చేతిలోని వల ఆగిపోయింది.

"గా పోరగాండ్లను తీసింది నేనే," అంది. "పొద్దంతా మునిగి మునిగి తీసిన. ఒకని చేతిల ఇంకొకని అంగీ ఉండె. ఇడిపియ్యరాలే." వల పక్కన పెట్టింది. "ఏండ్ల సంది పీనుగులను తీసి తీసి యాష్టకొచ్చింది బిడ్డా. ఒక్కసారన్న బతికున్నోళ్ళ కోసం పిలువద్దా నన్ను? వస్త తియ్యి. చేపలు మా మరదలు అమ్ముతది."

ఇక మిగిలింది అడవి మనిషి. అడవిశాఖ, అదే జంగ్లాత్ ఖాతా గార్డులను అడిగితే సెలవు దొరకదన్నారు. ఎవరిని అడిగినా తిరిగి తిరిగి ఒకే పేరు చెప్పి, చెప్పినాక గొంతు తగ్గించేవాళ్ళు: మల్లన్న. గుట్టల కింద పల్లెలో జొన్నచేను చేసుకుంటాడు. రజాకార్ల కాలంలో నిజాం మీద పోరాడే దళంలోకి పోయాడు. తర్వాత కూడా చాలాకాలం అడవిలోనే ఉన్నాడు. చివరికి దొరికి జైలుకు పోయి, విడుదలై వచ్చాడు. పులి ఎక్కడ నీళ్ళు తాగుతుందో, ఎండాకాలం ఏ రాతి కింద చెలమ ఊరుతుందో ఆయనకు తెలుసు.

మల్లన్న చేనులో మంచె దిగి వచ్చి ఆమె మాటలు నిలబడే విన్నాడు. ఎడమకాలు కొంచెం ఈడుస్తాడు.

"ఎవల పిల్లలు?"

"బొమ్మలు చేసేటోళ్ళ పిల్లలు, సాలోళ్ళ పిల్లలు, కైకిలి కూలోళ్ళ పిల్లలు."

"దొరల పిల్లలు లేరా?"

"వస్తే వాళ్ళనూ తీస్క పోత, అన్నా. అడవిల అందరికి ఒక్కటే కుండ."

ఆయన మొహంలో మొదటిసారి నవ్వు కనిపించింది. "మంచిగ చెప్పినవు చెల్లె. అడవి అంటే భయం పోయినోడు మనిషికి గూడ భయపడడు. వస్త."

ఆ సాయంత్రం ఘాట్ పక్కన బస్సు కోసం నిలబడ్డ అనసూర్యకు ఆకలి కూడా గుర్తులేదు. ముగ్గురూ దొరికారు.

కాని ముగ్గురూ ఒకచోట కలిసిన రోజే అంతా చెదిరింది. ఆదివారం బడి వరండాలో కూర్చోబెట్టింది. పోశవ్వ వచ్చింది, మల్లన్న వచ్చాడు. దేవదాస్ దవాఖానా నుంచి నేరుగా మందుల సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. మల్లన్న ఆ సంచీని చూశాడు. అది పాత ఫౌజు సంచీ. ఆయన లేచి నిలబడ్డాడు.

"నువ్వు నిజాం ఫౌజుల చేసినవా?"

"చేసిన," అన్నాడు దేవదాస్.

"మా తమ్ముడు అంతయ్యను సంపింది గా బట్టలేసుకున్నోళ్ళే."

దేవదాస్ తల దించలేదు, ఎత్తలేదు. "మీ ఊరికి నేను రాలే. తుపాకి పట్టలే. కాని ఆ బట్టలేసుకున్న. లేదంటే అబద్ధమైతది."

మల్లన్న మెట్లు దిగి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

అనసూర్య వెంట పరుగెత్తింది. బజారు దాటి, కోట గోడల పక్కన ఆయన్ను అందుకుంది. "అన్నా, ఆగు."

"ఆనితోని ఒక్క పొయ్యి కాడ నేను తినను చెల్లె. ఆన్ని తీసెయ్యి, వస్త."

"తీసెయ్య."

ఆ జవాబు అంత సూటిగా వస్తుందని ఆయన అనుకోలేదు. ఆగాడు.

"ఆయనను తీసేస్తే రేపు ఒక పిల్లకు పాము ముడితే చూసేటోడు లేడు. నిన్ను విడిచిపెడితే ఒక పిలగాడు తప్పిపోతే తోల్కొచ్చేటోడు లేడు. నేను మీ ఇద్దరిల ఒక్కన్ని ఏరుకోను. నీ తమ్ముని సంగతి మర్చిపొమ్మని కూడా అనను, గది అనేటందుకు నేనెవరిని? ఒక్క రోజు ఆయనను అడివిల నీ వెంట నడిపించుకో. అటెనక నువ్వు ఒద్దంటే ఒద్దు. నేనింక రాను, అడగను."

మల్లన్న గోడకు చెయ్యి ఆనించాడు. "ఒక్క రోజు," అన్నాడు.

ఆ ఒక్క రోజుకు అనసూర్య కూడా వెళ్ళింది. పొద్దున ఘాట్ కింద మొదలుపెట్టారు. మల్లన్న కావాలనే కష్టమైన దారి పట్టాడు. గుండ్ల మీంచి, ముళ్ళ పొదల్లోంచి, నిట్టనిలువు ఎక్కుడు. దేవదాస్ రొప్పుతూ, చెమటలు కక్కుతూ, ఒక్క మాట మాట్లాడకుండా వెంట నడిచాడు. జారినచోట లేచాడు. మధ్యాహ్నానికి ముగ్గురూ ఒక శిఖరం దగ్గరికొచ్చారు. అక్కడ ఆగిపోయింది దేవదాస్ కాదు. మల్లన్న ఎడమకాలు మడతపడి, ఆయన రాయి పట్టుకుని కూలబడ్డాడు. పళ్ళు బిగబట్టినా మూలుగు బయటికొచ్చింది.

దేవదాస్ సంచీ దించాడు. అడగలేదు. మోకాలి పైకి ధోతి జరిపి చూశాడు. తొడలో పాత తూటా గాయం, గట్టిపడి ముడతపడ్డ మచ్చ. ఆ కండ పట్టేసింది. వేళ్ళతో అటూ ఇటూ నొక్కుతూ, నూనె రాస్తూ ఆయన పని చేసుకుపోయాడు.

"ఎవల తూటానో ఎరికేనా?" అన్నాడు మల్లన్న, ఆకాశం వైపు చూస్తూ.

"మా ఫౌజుదే. ఇసొంటి గాయాలు మస్తు చూసిన."

"చూసినవా? మరి కుట్టింది ఎట్లున్నది?"

దేవదాస్ కాలు తిప్పి మచ్చను చూశాడు. "ఖరాబు కుట్టు. దారం వంకర పోయింది. ఎవడో తెల్వనోడు కుట్టిండు."

"నేనే కుట్టిన. బండ కింద పండి, సంచులు కుట్టే సూదితోని."

దేవదాస్ చేయి ఆగింది. మళ్ళీ చూశాడు, ఈసారి ఎక్కువసేపు. "నీ కాలు నువ్వే కుట్టుకున్నవా? అట్లయితే మంచిగనే కుట్టినవు," అన్నాడు.

మల్లన్నకు నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకోబోయి దగ్గాడు. దగ్గబోయి మళ్ళీ నవ్వాడు. అనసూర్య మొహం పక్కకు తిప్పుకుని లోయ వైపు చూసింది. కింద టేకు చెట్ల మధ్య వాగు మెరుస్తోంది. పక్కనే చదునైన గడ్డి నేల కనిపిస్తోంది. గుడారాలు వేయడానికి చేసిపెట్టినట్టే ఉంది.

దిగేటప్పుడు మల్లన్న ఒక్క మాటే అన్నాడు, అదీ దేవదాస్‌తో కాదు, ముందు దారితో: "నీ పని నువ్వు చెయ్యి. నా పని నేను చేస్త. పిలగాండ్ల ముందట మనిద్దరం గలీజుగ కొట్లాడుకోవద్దు." దేవదాస్ "ఊ" అన్నాడు. అనసూర్యకు అంత చాలు.

రామచంద్రం పరీక్ష గోదావరి ఒడ్డునే పెట్టాడు. బ్లాకు ఆఫీసు జీపులో దిగాడు. వెంట జిల్లా దవాఖానా నుంచి వచ్చిన డాక్టరు ఉన్నాడు, చూడ్డానికొచ్చిన తెలుగు పంతులూ ఇంకా నలుగురూ ఉన్నారు. వాడకట్టంతా ఒడ్డుకొచ్చింది.

డాక్టరు దేవదాస్‌ను కొన్ని ప్రశ్నలడిగాడు. పాముకాటుకు ఏం చేస్తావు, ఎముక విరిగితే ఏం చేస్తావు, నీళ్ళు మింగినవాడికి ఏం చేస్తావు. రెండు జవాబులు సరిపోయాయి. మూడోదానికి డాక్టరు తల అడ్డంగా ఊపి, ఆ పద్ధతి పాతదనీ ఇప్పుడు కొత్త పద్ధతి వచ్చిందనీ చెప్పి, ఇసుక మీద తెలుగు పంతులును పడుకోబెట్టి చేసి చూపించాడు. దేవదాస్ మోకాళ్ళ మీద కూర్చుని శ్రద్ధగా నేర్చుకున్నాడు. "మనిషి పక్కా," అన్నాడు డాక్టరు. "నేర్చుకుంటడు."

రామచంద్రం మల్లన్న వైపు తిరిగాడు. "నీకు అడవి ఎరికే అనెటందుకు సర్టిఫికెట్ ఏమున్నది?"

మల్లన్న నిదానంగా చెప్పాడు: "నా మీద వారెంటు ఉండె సార్. ఏండ్లకు ఏండ్లు పోలీసులు, మిలిట్రోళ్ళు గీ గుట్టలన్ని గాలిచ్చిన్రు. దొరకలే. మా అవ్వను చూసెటందుకు ఊళ్ళెకొస్తే గప్పుడు దొరికిన. అడివిల మాత్రం దొరకలే. కావాలెనంటే ఠాణల అడుగున్రి."

ఒడ్డంతా గొల్లున నవ్వింది. రామచంద్రం నవ్వాలో కూడదో తెలియక జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. జీపు డ్రైవరు మాత్రం బాహాటంగా చప్పట్లు కొట్టాడు.

చివరికి పోశవ్వ. "నువ్వు మునిగినోన్ని తీస్తవంటున్రు. ఎట్ల చూడాలె?" అన్నాడు రామచంద్రం.

"గా మడుగుల నువ్వు దుంకు సారూ, తీస్త," అంది పోశవ్వ.

మళ్ళీ నవ్వులు. రామచంద్రం ఒక అడుగు వెనక్కి వేశాడు. "బుట్టనో మొద్దునో ఏస్తం, తెచ్చి చూపెట్టు."

"మొద్దు తేలుతది, బుట్ట మొత్తుకోదు. మునిగేటోడు కొట్టుకుంటడు, మెడ పట్టుకుంటడు, మనను గూడ ముంచుతడు. మొద్దును తీసి సూపెడితే నీకేం తెలుస్తది?" పోశవ్వ గొంతులో వెటకారం లేదు. ఉన్న మాటే చెప్పింది.

రామచంద్రం మొహంలో పాత భయం మళ్ళీ తేలడం అనసూర్య చూసింది. ఆయన నీళ్ళ వైపు చూడలేకపోతున్నాడు. ఇంకో నిమిషం గడిస్తే 'ఈ యేటికి వద్దులే' అనేస్తాడు. ఆ మాట ఆయన పెదాల మీదికి వస్తోంది.

అనసూర్యకు ఈత రాదు. సిరిసిల్లలో మానేరు పక్కనే పెరిగినా ఎప్పుడూ మోకాలు దాటి దిగలేదు. ఆమె చెప్పులు విప్పింది. కొంగు నడుముకు చుట్టి బిగించింది. బండ మీదికి ఎక్కింది. "ఏయ్ బిడ్డా!" అని ఎవరో అరుస్తుండగానే మడుగులోకి దూకేసింది.

చలి ఒక్కసారిగా ఎముకల్లోకి దిగింది. కళ్ళు తెరిస్తే పచ్చటి మసక. పాదాల కింద నేల లేదు. పైకి రావాలని చేతులు కొట్టింది. నోట్లోకి ముక్కులోకి నీళ్ళు పోయాయి. ఊపిరి అందక ఛాతీ పగిలిపోతుందనిపించింది. ఇది వేషం కాదని శరీరానికి తెలిసిపోయింది. అప్పుడే వెనకనుంచి ఒక చేయి గడ్డం కింద పడింది. ఆమె తిరిగి ఆ చేతిని పట్టుకోబోయింది, మెడను వాటేసుకోబోయింది. ఆ చేయి ఆమెను పట్టుకోనివ్వకుండా ఒక్క తోపుతో వెల్లకిలా తిప్పేసింది. మొహం గాలిలోకి వచ్చింది. ఆకాశం. "కొట్టుకోకు. నడుము వదులు చెయ్యి. నేనున్న," అని చెవి దగ్గర పోశవ్వ గొంతు, పిల్లను నిద్రపుచ్చుతున్నట్టు మెత్తగా.

ఒడ్డుకు చేర్చగానే దేవదాస్ పక్కకు తిప్పి నీళ్ళు కక్కించాడు. మల్లన్న తన గొంగడి తెచ్చి కప్పాడు. ముగ్గురి చేతులూ ఒకేసారి ఆమె మీద ఉన్నాయి. ఎవరూ ఎవరినీ అడగలేదు, ఎవరి పని వాళ్ళు చేశారు.

దగ్గు ఆగినాక అనసూర్య లేచి కూర్చుంది. జుట్టు మొహానికి అతుక్కుని ఉంది. పళ్ళు టకటకలాడుతున్నాయి. "సార్," అంది, "ఇంకా... చూస్తరా?"

రామచంద్రం కళ్ళు నిండాయి. ఆయన వంగి, ఇసుకలో ఉన్న ఆమె చెప్పులు తీసి ఆమె పక్కన పెట్టాడు. "చూసిన తల్లీ. పోన్రి. ఐదు రోజులు కాకపోతే వారం పోన్రి."

వాడకట్టు ఒక్కసారిగా కేకలు వేసింది. పోశవ్వ తడి కొంగు పిండుకుంటూ తెలుగు పంతులు ముందు ఆగి, "నువ్వొస్తవా సారూ, ఈత నేర్పుత?" అని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపబోయి, ఎందుకో నిలువుగా ఊపాడు.

వారం రోజుల శిబిరం ఆ లోయలోనే జరిగింది. తల్లిదండ్రులను ఒప్పించడం అనుకున్నంత కష్టం కాలేదు. పంతులమ్మ గోదావరిలో దూకిన సంగతి అప్పటికే ఊరంతా పాకింది. "తన పానం పెట్టి చూసుకున్నది, మన పిల్లలను సూసుకోదా?" అని బొమ్మల పనిచేసే కైలాసం తన ఇద్దరు బిడ్డలనూ తెచ్చి అప్పగించాడు.

మొదటి రోజు పిల్లలు గుంపుగా ముడుచుకుని ఉన్నారు. నక్క కూస్తే ఒకరినొకరు పట్టుకున్నారు. రెండో రోజు మల్లన్న వాళ్ళను ఎలుగుబంటి గోళ్ళ గుర్తులు చూపించడానికి తీసుకుపోయాడు. తిరిగొచ్చేటప్పుడు ముందు నడిచింది ఆయన కాదు. లస్మవ్వ అనే పన్నెండేళ్ళ సాలె పిల్ల సూర్యుణ్ణి చూసుకుంటూ, వాగు చప్పుడు వింటూ అందరినీ దారి తప్పకుండా తెచ్చింది. గుడారాలు కనిపించగానే ఆ పిల్ల పెట్టిన కేక లోయంతా ప్రతిధ్వనించింది. ఇంట్లో గట్టిగా మాట్లాడని పిల్ల అని తర్వాత తెలిసింది.

పోశవ్వ ఎవరినీ ఒడ్డు మీద కూర్చోనివ్వలేదు. ముందు తేలడం, తర్వాతే ఈత. "నీళ్ళ మీద పండాలె, అవ్వ ఒళ్ళె పండినట్టు," అని ఒక్కొక్కరి వీపు కింద అరచెయ్యి పెట్టి నేర్పింది. తెలుగు పంతులు అందరికన్నా ఆలస్యంగా తేలాడు. తేలినాక మాత్రం బయటికి రమ్మన్నా రాలేదు. అనసూర్య కూడా నేర్చుకుంది. ఏ చెయ్యి ఆమెను మడుగులోంచి తీసిందో అదే చెయ్యి మెల్లగా వీపు కిందనుంచి జారిపోయింది. ఆమె నీళ్ళ మీద ఒంటరిగా, భయం లేకుండా, టేకు ఆకుల మధ్య ఆకాశాన్ని చూస్తూ ఉండిపోయింది.

దేవదాస్‌కు ముళ్ళు, బెణుకులు, ఒక తేలుకాటు తప్ప పెద్ద పని పడలేదు. అందుకని ఆయన పిల్లలకే కట్లు కట్టడం నేర్పాడు. కట్టించుకోవడానికి ఒక కాలు కావాలంటే మల్లన్న తన కాలు చాపేవాడు. పిల్లలు ఆ మచ్చ చుట్టూ చేరి, ఇదెక్కడిదని అడిగితే, "పెద్ద కథ. చెప్తం," అన్నాడు మల్లన్న. 'చెప్తం' అన్నాడు, 'చెప్త' అనలేదు. దేవదాస్ తల వంచి కట్టు ముడి సరిచేశాడు. ఆ సాయంత్రం పొయ్యి దగ్గర ఇద్దరూ వంతులేసుకుని చెప్పారు, ఒకడు కొండ మీది కథ, ఒకడు కొండ కింది కథ. పిల్లలు కదలకుండా విన్నారు. కథలో ఎక్కడా ఎవరూ గెలవలేదు. అంతయ్య పేరు వచ్చినప్పుడు దేవదాస్ లేచి నిలబడ్డాడు. మిగిలినవాళ్ళు కూడా నిలబడ్డారు.

ఆఖరి రోజు ఊరినుంచి ఎడ్లబండ్లు వచ్చాయి. పిల్లలు ఎక్కమంటే ఎక్కలేదు. సంచులు మాత్రం బండ్లలో వేసి, నడుస్తామన్నారు. ఘాట్ దిగి, చేల మధ్యనుంచి, దుమ్ము లేపుకుంటూ నిర్మల్‌లోకి వచ్చేసరికి బజారు రెండు వైపులా జనం నిలబడి ఉన్నారు. నల్లబడ్డ మొహాలు, గీరుకుపోయిన మోకాళ్ళు. "ఛాతీ ముందుకు" అని ఎవరూ అరవాల్సిన అవసరం రాలేదు. కైలాసం తన బిడ్డలను వరుసలో వెతికి వెతికి, ముందునుంచి పోతుంటే గుర్తుపట్టలేక, మళ్ళీ పరుగెత్తుకెళ్ళి పట్టుకున్నాడు. లస్మవ్వ తల్లి శంకరవ్వ బిడ్డ భుజాలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ నవ్వుతోంది, ఏడుస్తోంది.

బడి ముందు రామచంద్రం ఎదురొచ్చాడు. పిల్లలను ఒక్కొక్కరినీ లెక్కపెట్టాడు, రెండోసారి కూడా లెక్కపెట్టాడు. అందరూ ఉన్నారు. అప్పుడు గాని ఆయన భుజాలు దిగలేదు.

"వచ్చే యేడు ఎంతమందిని తీస్కపోతరు?" అని అడిగాడు.

"వందమందిని," అంది అనసూర్య, ఆలోచించకుండానే.

"వందనా? అంతమందికి వెంట మనుషులేరి? ముగ్గురిని తెచ్చెటందుకే నీ పానం మీదికొచ్చె."

అనసూర్య నోరు తెరిచేలోపు మల్లన్న ముందుకొచ్చాడు. "జైల్ల నాతోని ఉన్నోళ్ళున్నరు సార్. అడివి చూడని రోజు ఆళ్ళకు అన్నం తిన్నట్టు గాదు. నేను తోల్కొస్త."

"ఫౌజు నర్సింగోళ్ళు జగిత్యాలల ఇద్దరు, కరీంనగర్ల ఒకరు ఉన్నరు," అన్నాడు దేవదాస్. "ఖాళీగ కూసున్నరు. నేను పోయి అడుగుత."

పోశవ్వ ఎవరి మాటకూ ఎదురుచూడలేదు. గుంపులో నిలబడ్డ తన వాడకట్టు ఆడవాళ్ళను చేత్తో చూపించింది. "గీ నలుగురు నా అంత ఈదుతరు. గా చివరామె నాకన్న మంచిగ ఈదుతది గని ఆమె ముందట అనకున్రి."

ఆ చివరి మనిషి సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తెలుగు పంతులు గొంతు సవరించుకుని, తనకూ తేలడం వచ్చునని, కనీసం చిన్నపిల్లలకు మోకాలి లోతులో నేర్పగలనని అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

రామచంద్రం టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "అయితే అనసూర్యమ్మా, వచ్చే యేడు మీ వెంట ఇంకొక మనిషి గూడ వస్తడు. ఈత రాదు. నేర్పుతరా?"

"ఎవరు సార్?"

"నేనే," అన్నాడాయన.

పోశవ్వ ఆయన్ను పైనుంచి కిందిదాకా, చేప కొనేవాడు చేపను చూసినట్టు చూసింది. "పొద్దుగాల రావాలె," అంది. "నీళ్ళు సల్లగుంటయని అనొద్దు."